అంకె మాయమైతే డబ్బా మార్చాలా?

కారు ఏసీ తెర చెడిపోతే సర్వీస్ సెంటర్లు రాసే మందు ఒక్కటే. జబ్బు మాత్రం తరచూ వేలెడు పట్టీలోనే ఉంటుంది.

పదేళ్లు దాటిన కార్లకు వచ్చే జబ్బుల్లో ఒకటి చూడ్డానికి చాలా చిన్నది. ఇంజన్ బాగానే ఉంటుంది, ఏసీ చల్లగానే వస్తుంటుంది. డ్యాష్‌బోర్డు మధ్యలో ఉష్ణోగ్రత చూపే చిన్న తెర మీద మాత్రం ఒకటి రెండు గీతలు మాయమై, 24 కాస్తా 21లా కనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ అంకె కూడా పోయి మసక మిగులుతుంది. కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే కౌంటరు దగ్గరి కుర్రాడు కంప్యూటర్లో చూసి చెప్పే మాట ఢిల్లీలోనైనా గుంటూరులోనైనా ఒకటే: "తెర ఒక్కటే విడిగా రాదు సార్, ప్యానెల్ మొత్తం మార్చాలి." ధర విన్న యజమాని రెండిట్లో ఒకటి చేస్తాడు. గొణుక్కుంటూ డబ్బు కడతాడు, లేదంటే తెరను చూడ్డం మానేసి బటన్లను చేతివాటంగా నొక్కుతూ కాలం గడుపుతాడు. మూడో దారి కూడా ఒకటుంది. అది ఎటు పోతుందో, దాన్ని ఎవరు మూసేస్తున్నారో తెలుసుకోవడం మంచిది.

ఇది డబ్బున్నవాళ్ల బెంగ అని కొట్టిపారేయడానికి లేదు. ఒకప్పుడు ఖరీదైన సెడాన్లకే పరిమితమైన ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఇప్పుడు చిన్న కార్ల పై మోడళ్లలోనూ వస్తోంది. అవే కార్లు ఏడెనిమిదేళ్లకు సెకండ్ హ్యాండ్ బజారుకొచ్చి ఏ బడిపంతులు ఇంటికో, ట్యాక్సీ డ్రైవరు చేతికో చేరతాయి. కొత్త కారు కొన్నవారికి వారంటీ ఉంటుంది. తెర చెడిపోయే వయసు వచ్చేసరికి కారు ఉన్నవారికి వారంటీ ఉండదు, పోసేందుకు అంత సొమ్మూ ఉండదు. కారు అమ్మబోతే కొనేవాడు ఆ చీకటి తెరను చూపించి బేరం తగ్గిస్తాడు.

సొమ్ము సంగతి అటుంచినా, ప్రమాదం సంగతి ఉంది. వానాకాలంలో ముందు అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది. అది పోవాలంటే మూడు పనులు జరగాలి. గాలి అద్దం మీదికి మళ్లాలి, గాలిలో తేమను లాగేందుకు ఏసీ నడవాలి, లోపలి గాలే తిరక్కుండా బయటి గాలి రావాలి. చాలా కార్లలో ఈ మూడూ ఏ స్థితిలో ఉన్నాయో చెప్పేది ఆ తెరే. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో అద్దం మసకబారినప్పుడు డ్రైవరు ఒక బటన్ నొక్కి తెర వైపు చూస్తాడు, ఏమీ కనిపించక మరోసారి నొక్కుతాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లూ అతని చూపు రోడ్డు మీద లేదు.

కారులో ఏసీ పుట్టినప్పుడు ఇలాంటి చిక్కు లేదు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1939లో దాన్ని ప్రదర్శించింది. ఆపేయాలంటే బండి నిలిపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు తీసేయాల్సిందే. కావలసిన ఉష్ణోగ్రత ఒకసారి చెబితే మిగతాది తనే చూసుకునే పద్ధతిని 1964లో క్యాడిలాక్ తెచ్చింది. ఇప్పటి కార్లలో లోపలి వేడి, బయటి వేడి, అద్దంలోంచి పడే ఎండ కొలిచే సెన్సర్లు ఉంటాయి. వాటిని బట్టి కంట్రోల్ యూనిట్ చల్లగాలిని, వేడిగాలిని ఎంతెంత కలపాలో లెక్కగట్టి చిన్న మోటార్లతో రేకు తలుపులను తిప్పుతుంది. ఈ తతంగమంతా డ్యాష్‌బోర్డు వెనుక, మన కంటికి కనిపించకుండా జరుగుతుంది. యంత్రం ఏం చేస్తోందో మనకు చెప్పేందుకు దానికున్న నోరు ఆ తెర ఒక్కటే.

ఆ తెర ఎక్కువ కార్లలో ఎల్‌సీడీ, అంటే ద్రవ స్ఫటికాల తెర. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టరాల్‌కు సంబంధించిన ఒక పదార్థాన్ని వేడి చేస్తూ, అది రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కరుగుతున్నట్టు గమనించాడు. మొదటి కరుగుదలకు, రెండోదానికి మధ్య అది ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వెలుగుతో ఆడుకునేది. ఈ శాస్త్రంలో మనకూ వాటా ఉంది. సి.వి. రామన్ మేనల్లుడు ఎస్. చంద్రశేఖర్ (నోబెల్ పొందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వేరు) 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో సహచరులతో కలిసి, పళ్లెం ఆకారపు అణువులు కూడా ద్రవ స్ఫటికాలు కాగలవని చూపించారు. తర్వాతి కాలంలో కంప్యూటర్ తెరలు పక్క నుంచి చూసినా స్పష్టంగా కనిపించేందుకు వాడిన పలుచటి పొరలు ఈ జాతి పదార్థాలతోనే తయారయ్యాయి.

తెర నిర్మాణం తెలిస్తే జబ్బు ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. రెండు పలుచటి గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం ఉంటుంది. గాజు లోపలి వైపు కంటికి కనిపించని పారదర్శక వాహక పూత అంకెల ఆకారంలో పరిచి ఉంటుంది. వెలుపల రెండు వైపులా పోలరైజర్ పొరలు అంటించి ఉంటాయి. వెనుక బల్బో, ఎల్ఈడీయో వెలుగుతుంది. విద్యుత్తు తగిలిన గీత దగ్గర స్ఫటికం అణువులు తిరిగి, వెలుగు ఆగిపోయో, దారి దొరికో అంకె కనబడుతుంది. ఇందులో అసలు చిక్కు గాజుకు మామూలు టంకం అంటకపోవడం. సర్క్యూట్ బోర్డు నుంచి గాజు అంచుకు విద్యుత్తును చేర్చేందుకు తీగలు అతకలేరు. అందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, వాహక పొరలు, నిరోధక పొరలు ఒకదాని పక్కన ఒకటి పేర్చిన రబ్బరు పట్టీ. చారలుంటాయి కాబట్టి దాన్ని జీబ్రా అంటారు. అది బోర్డుకూ గాజుకూ మధ్య నొక్కుకుని ఉంటుంది, అంతే. రెండోది, సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్. దాన్ని వాహక రేణువులున్న జిగురుతో, వేడి పెట్టి గాజుకు అతికిస్తారు.

అంటే తెర బతుకంతా ఒక ఒత్తిడి మీదో, ఒక జిగురు మీదో ఆధారపడి ఉంది. ఇక ఎండ సంగతి. అమెరికాలోని అరిజోనాలో 2018లో ప్రచురితమైన అధ్యయనంలో వేసవి ఎండలో గంటసేపు నిలిపిన కార్ల డ్యాష్‌బోర్డులు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరాయి. రామగుండం, నాగపూర్, జాకోబాబాద్ వేసవులు చూసినవారికి ఇది వింత కాదు. రోజూ కాగి చల్లారే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదులుతుంది. దానికి తోడు గతుకుల రోడ్ల అదురు. గాజు అంచున ఒక్కో వాహక గీత ఊడినప్పుడల్లా తెర మీద ఒక్కో గీత మాయమవుతుంది. దీనికి దేశాభిమానం లేదు. 1990ల చివర్లో వచ్చిన బీఎండబ్ల్యూ 5 సిరీస్ మీటర్లలో, సాబ్ 9-5 సమాచార తెరల్లో ఇదే జబ్బు ప్రపంచమంతటా యజమానులను ఏడిపించింది. తెరలను బాగుచేయడమే వృత్తిగా బతికినవారిని కూడా అదే పుట్టించింది.

అయితే మాయమైన ప్రతి అంకెకూ కారణం ఒకటే కాదు. విప్పే ముందు రోగనిర్ణయం కావాలి. దానికి పెద్ద పరికరాలక్కర్లేదు.

తెర చీకటిగా ఉంటే టార్చిలైటు వేసి ఏటవాలుగా చూడండి. అంకెలు లీలగా కనిపిస్తే తెర బాగానే ఉన్నట్టు, వెనుక బల్బు పోయినట్టు. ఇది అన్నిటికన్నా చవకైన జబ్బు. కొన్ని గీతలే లేకపోతే తెర చట్రం అంచున వేలితో మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు గీత వచ్చి, వదిలితే పోతే దోషం జీబ్రాలోనో రిబ్బన్ అతుకులోనో ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెలిగి మధ్యాహ్నం ఎండెక్కాక ఆరిపోతుంటే అతుకుతో పాటు బోర్డు మీది టంకం బీటలను కూడా అనుమానించాలి. నల్లటి, ఊదా రంగు మచ్చ పాకుతుంటే ఎండకు పోలరైజర్ పొర మాడి ఉండవచ్చు. గాజు పగిలి లోపలి ద్రవం కారిందేమో కూడా చూసుకోవాలి. అదే అయితే బాగుచేత లేదు, తెర మార్చాల్సిందే. తెరతో పాటు బటన్లూ పనిచేయక అంతా నిర్జీవంగా ఉంటే ముందు ఫ్యూజు, బ్యాటరీ వోల్టేజి చూడాలి. వంద రూపాయలలోపు ఫ్యూజు పోతే ప్యానెల్ మార్చుకున్నవాళ్లు లేకపోలేదు.

మరొకటి, తెర మిణుకుమిణుకుమంటున్నా, సంబంధం లేని అంకెలు చూపిస్తున్నా అది చెడిపోయిందని తొందరపడకూడదు. చాలా కంపెనీలు క్లైమేట్ కంట్రోల్‌లో స్వీయ పరీక్ష ఏర్పాటు చేశాయి. ఉదాహరణకు పలు టయోటా కార్లలో ఆటో బటన్, లోపలి గాలి తిప్పే బటన్ రెండూ నొక్కి పట్టుకుని ఇగ్నిషన్ ఆన్ చేస్తే దీపాలన్నీ వెలిగి, ఆ తర్వాత తెర మీద దోష సంకేతాలు వస్తాయి. ఏ సెన్సర్ పోయిందో, ఏ మోటారు ఇరుక్కుందో ఆ అంకెలు చెబుతాయి. రోగాన్ని చెప్పే నోటినే రోగి అనుకుని మార్చేస్తే డబ్బు పోయి జబ్బు మిగులుతుంది. అన్నిటికన్నా ముందు కారుతో వచ్చిన పుస్తకం తిరగేయాలి.

ఇక వైద్యం. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. డ్యాష్‌బోర్డు వెనుక ఎయిర్‌బ్యాగుల తీగలుంటాయి, వాటితో చెలగాటం కూడదు. హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు తీగల జోలికి పోనే కూడదు. చట్రాన్ని స్క్రూడ్రైవరుతో పెకలిస్తే గాట్లు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ పలుగులు వాడతారు. ఏ స్క్రూ ఎక్కడిదో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడం ఇప్పుడు ప్రతి మెకానిక్ నేర్చిన పద్ధతి. ప్యానెల్ విప్పాక జీబ్రా ఉంటే పని సులువు. రబ్బరు పట్టీని, గాజు అంచును, బోర్డు మీది బంగారు గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, సరిగ్గా వరసలో కూర్చి బిగిస్తే చాలావరకు అంకెలు తిరిగొస్తాయి. థిన్నర్, అసిటోన్ వాడితే ప్లాస్టిక్, పోలరైజర్ రెండూ పాడవుతాయి.

రిబ్బన్ అయితే ఓపిక కావాలి. రిబ్బన్ మీద వేడి తట్టుకునే సిలికాన్ పట్టీ పరిచి, వెడల్పు మొన ఉన్న సాల్డరింగ్ ఐరన్‌తో తక్కువ వేడి మీద, ఒక చివర నుంచి రెండో చివరకు నొక్కుతూ పోతారు. జిగురు మళ్లీ మెత్తబడి గాజును పట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే రిబ్బన్ ముడుచుకుపోతుంది, ఒత్తిడి ఎక్కువైతే గాజు చిట్లుతుంది. ఇలా అతికించినది కొన్ని నెలలే నిలవవచ్చు. కొత్త రిబ్బన్ వేస్తే ఏళ్లు నిలుస్తుంది. పోలరైజర్ మాడితే పాత పొరను గీకి, జిగురు తుడిచి, కొత్త పొర వేస్తారు. అంటించే ముందు దాన్ని తెర మీద తిప్పి చూడాలి. 90 డిగ్రీలు అటూఇటూ అయితే నల్ల అంకెలు తెల్లగా, వెనుక భాగం నల్లగా మారిపోతుంది. టంకం బీట వారితే భూతద్దంలో కాలు చుట్టూ సన్నటి ఉంగరంలా కనిపిస్తుంది. పాత టంకం తీసి కొత్తది వేస్తే సరి. అన్నీ బిగించాక కొన్ని కార్లలో గాలి తలుపుల మోటార్లు తమ స్థానాలను మళ్లీ నేర్చుకోవాలి, రేడియోకు కోడ్ కొట్టాలి. అందుకే విప్పకముందే కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇదంతా ఎవరు చేస్తారు? హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ముంబైలో లామింగ్టన్ రోడ్, బెంగళూరులో ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరు మోశాయి. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ బండ్ల సామాన్లకు ప్రసిద్ధి. సరిహద్దు దాటితే లాహోర్‌లో బిలాల్ గంజ్, ఢాకాలో ధోలాయిఖాల్, కొలంబోలో పంచికావత్త. భాషలు వేరు, జెండాలు వేరు, చేతి విద్య మాత్రం ఒకటే. దక్షిణాసియాలో బండి చెడిపోతే పారేయరు, విప్పుతారు. ఈ బజార్లలో టీవీ, సెల్‌ఫోన్ బాగుచేస్తూ పెరిగిన కుర్రాళ్లే కార్ల ఎలక్ట్రానిక్స్‌లోకి వచ్చారు. "చూద్దాం అన్నా, విప్పితే తెలుస్తుంది" అనే వాళ్ల మాటలో పరిశోధనశాలకు కావలసిన వినయమంతా ఉంది.

అందరూ నిపుణులని కాదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగానే కనెక్టర్లు లాగి బోర్డు కాల్చేవాళ్లూ, సెకండ్ హ్యాండ్ ప్యానెల్ పెట్టి కొత్తదని చెప్పేవాళ్లూ ఉన్నారు. కంపెనీలు సరిగ్గా ఈ మాటే పట్టుకుంటాయి. భద్రత, నాణ్యత, బాధ్యత అనే మూడు పదాలతో బయటి మెకానిక్‌కు తలుపు మూస్తాయి. అందులో కొంత నిజముంది. కానీ మాన్యువల్ చూపించకుండా, విడిభాగం అమ్మకుండా, పరీక్ష పరికరం ఇవ్వకుండా ఉంచి, ఆ తర్వాత "వీళ్లకు పని రాదు" అనడం పుస్తకాలు లాక్కుని పరీక్షలో తప్పావని వెక్కిరించడం లాంటిది.

ఈ మాట అన్నది ఎవరో వీధి చివరి మెకానిక్ కాదు. 2011లో మొదలైన ఒక కేసులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఇదే తేల్చింది. మారుతీ సుజుకీ, టాటా మోటార్స్, మహీంద్రా, హోండా, టయోటా సహా 14 కార్ల కంపెనీలు విడిభాగాలను, పరీక్ష పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశాయని 2014 ఆగస్టు 25న చెప్పింది. మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా వేసింది. అంతకన్నా విలువైన మాట మరొకటి చెప్పింది. బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దంటూ గుండుగుత్తగా షరతు పెట్టకూడదు. బయటి మరమ్మతు లోపం వల్ల ఎంత నష్టం జరిగిందో అంతమేరకే వారంటీ నిరాకరించవచ్చు. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2016 డిసెంబరులో కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ అప్పీలు చేసిన మూడు కంపెనీల విషయంలో, తప్పు జరిగిందన్న నిర్ధారణను ప్రధానంగా నిలబెట్టి, జరిమానాను మాత్రం విడిభాగాల వ్యాపారం మేరకే లెక్కగట్టాలని తగ్గించింది. తీర్పుల్లో మెకానిక్ గెలిచాడు. సర్వీస్ సెంటర్ కౌంటరు దగ్గర మాత్రం పాత జవాబే వినిపిస్తోంది.

బయటి ప్రపంచం ఈలోగా కదిలింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లో కార్ల మరమ్మతు హక్కుకు భారీ మెజారిటీతో ఓటేశారు. 2014 జనవరిలో కార్ల కంపెనీలు ఆ నిబంధనలను దేశమంతటా పాటిస్తామని ఒప్పందం చేసుకున్నాయి. ఆస్ట్రేలియాలో 2022 జులై 1 నుంచి సర్వీసు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు సరైన ధరకు అమ్మడం చట్టరీత్యా తప్పనిసరైంది. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న ఇందుకోసం పోర్టల్ ప్రారంభమైంది. 2024లో మరో కమిటీ వచ్చి, ఏ వస్తువును ఎంత సులువుగా బాగుచేయవచ్చో చెప్పే సూచీ గురించి 2025 మేలో నివేదిక ఇచ్చింది. అది దృష్టి పెట్టింది సెల్‌ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల మీద. కారు కొనేవారికి అలాంటి మార్కుల పట్టిక లేదు.

అది త్వరగా రావాలి, ఎందుకంటే జబ్బు రూపం మారుతోంది. ఇప్పటి కార్లలో విడిగా ఏసీ తెర ఉండటం తగ్గింది. పాటలు, దారి, వెనుక కెమెరా, ఏసీ అన్నీ ఒకే పెద్ద టచ్ స్క్రీన్‌లోకి చేరాయి. ఒకటి పోతే అన్నీ పోతాయి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలో టెస్లా దాదాపు 1.35 లక్షల మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. తెరను నడిపే కంప్యూటర్లోని మెమరీ చిప్ పదేపదే రాయడం వల్ల అరిగిపోయి తెర ఆరిపోతోంది. దాంతో వెనుక కెమెరాతో పాటు అద్దం మీది ఆవిరిని పోగొట్టే ఏర్పాటు కూడా చేతికి అందకుండా పోతోందని అక్కడి రవాణా భద్రత అధికారులు పట్టుబట్టారు. వేలెడు రిబ్బన్ స్థానంలో గోరంత చిప్ వచ్చింది, అంతే తేడా. రిబ్బన్‌ను కోఠీలో అతికించగలరు. చిప్‌ను మార్చగల చేతులూ అక్కడే ఉన్నాయి. కానీ కొన్ని కార్లలో మార్చిన భాగాన్ని కారు గుర్తించాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ అనుమతి కావాలి. చేతి విద్యను తాళం చెవితో ఓడించడమంటే ఇదే. ఐరోపా భద్రత సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటర్లు, హారన్, వైపర్ల లాంటి ఐదింటికి చేతికి తగిలే బటన్లు ఉండాలంది. ఆ ఐదింటిలో ఏసీ లేదు.

మన దగ్గర ఇది కార్లతో ఆగదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి అయింది. ఎండలో 12 గంటలు బండి తోలే డ్రైవరుకు అది న్యాయమైన హక్కు. ఆ ఏసీ ప్యానెల్ నాలుగేళ్ల తర్వాత ఏ హైవే పక్కనో మొండికేస్తే బాగుచేసేది కంపెనీ వర్క్‌షాప్ కాదు, డాబా పక్కనున్న ఎలక్ట్రీషియన్. ఆయనకు సర్క్యూట్ చిత్రం దొరకకపోతే డ్రైవరు మళ్లీ తడిగుడ్డ మెడకు చుట్టుకుంటాడు.

చేయవలసింది పెద్ద విప్లవమేమీ కాదు. ప్యానెల్‌తో పాటు తెర, రిబ్బన్, బల్బు విడిగా అమ్మాలి. మోడల్ ఆగిపోయిన తర్వాత కూడా నిర్ణీత కాలం అవి దొరికేలా చూడాలి. మాన్యువల్, పరీక్ష పరికరాలు సరైన ధరకు ఎవరికైనా ఇవ్వాలి. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సులో స్పానర్‌తో పాటు సన్న మొన సాల్డరింగ్ ఐరన్‌కూ చోటివ్వాలి.

ఈలోగా కారున్నవారు చేయగలిగింది కొంత ఉంది. "మొత్తం మార్చాలి" అన్నప్పుడు ఏ భాగం పోయిందో, అది విడిగా ఎందుకు రాదో కాగితం మీద రాసిమ్మని అడగండి. మార్చక తప్పకపోతే పాత ప్యానెల్‌ను వెనక్కి తీసుకోండి. బయట బాగుచేయిస్తే అది స్పేర్‌గా పనికొస్తుంది. బయటి మెకానిక్ దగ్గరికి వెళ్తే పని ముందు, తర్వాత ఫొటోలు, బిల్లు, కొన్ని నెలల హామీ అడగండి. అవి ఇవ్వగలిగినవాడే పని తెలిసినవాడు. బయట చేయించినందుకు వారంటీ మొత్తం పోయిందని ఎవరైనా అంటే 2014 నాటి ఉత్తర్వును గుర్తు చేయండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పదిమంది ఇలా అడిగితే కౌంటరు దగ్గరి కుర్రాడు ఆ ప్రశ్నను పైవాళ్లకు పంపక తప్పదు. 24ను 21గా చూపించే తెరతో సర్దుకుపోవచ్చేమో గానీ, బాగయ్యే వస్తువును బాగుకాదని చెప్పే లెక్కతో సర్దుకుపోనక్కర్లేదు.